అరచేయి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో నొప్పి: మణికట్టు, చేతి ఎముకలను తడిమి తెలుసుకోవడం

అడిగినవి రెండు సంగతులు. ఒకటి, చేతిలోనూ మణికట్టులోనూ ఉన్న 27 ఎముకల పేర్లు ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు, ఎలా గుర్తుపెట్టుకోవాలి అని. రెండోది, పది రోజుల కిందట అరచేయి ఆనించి పడితే ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, బెణుకే అని గుడ్డకట్టు కట్టి పంపారు, కానీ బొటనవేలి మొదట్లో నొప్పి పోలేదు, ఏమై ఉంటుంది అని. రెంటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది కాబట్టి కలిపే చెబుతాను. రెండోది ఆగే సంగతి కాదు కనుక ముందు ఒక్క మాట. బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే, మొదటి ఎక్స్‌రే బాగున్నా సరే, ఆ చేతిని స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక) విరిగిన చేతిగానే చూసుకోవాలి. మళ్ళీ తీసిన ఎక్స్‌రేలోనో ఎమ్మారైలోనో విరగలేదని తేలేదాకా అంతే. గుడ్డకట్టు సరిపోదు, మణికట్టు కదలకుండా ఉండాలి. ఎందుకో కింద వివరంగా ఉంది.

ముందు లెక్క. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. బడి పుస్తకాల్లో వీటికి మణిబంధాస్థులు, కరభాస్థులు, అంగుళ్యస్థులు అని పేర్లు. ఆసుపత్రిలో కార్పల్స్, మెటాకార్పల్స్, ఫలాంజెస్ అంటారు. రెండు చేతులవీ కలిపితే 54. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే 206 ఎముకల్లో నాలుగో వంతుకు పైగా చేతుల్లోనే ఉన్నాయి. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్, చిటికెనవేలి వైపు ఉండే అల్నా ఎముకలు ఈ లెక్కలోకి రావు. బొటనవేలి మెటిక దగ్గర టెండన్లలో, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలో, పొదిగి ఉండే రెండు నువ్వుగింజ ఎముకలు కూడా రావు. ఎక్స్‌రేలో అవి కనపడగానే ముక్క విరిగిందని కంగారు పడేవాళ్ళుంటారు. అంచు నున్నగా, చుట్టూ సన్నటి తెల్లగీతతో ఉంటే అది మామూలుగా ఉండే ఎముకే. విరిగిన ముక్క అంచు గరుకుగా, గీత లేకుండా ఉంటుంది.

పేర్ల పట్టిక బట్టీ పట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని కుడిచేతి చూపుడువేలితో తడుముతూ నేర్చుకుంటే ఒక పూటలో వచ్చేస్తాయి, మళ్ళీ పోవు.

గడియారం పెట్టుకునే చోటును మనం మణికట్టు అంటాం. అక్కడ పట్టీ కింద ఉండేవి రేడియస్, అల్నా చివరలు. మణికట్టు ఎముకలు ఎనిమిదీ ఆ పట్టీ దాటాక, అరచేతి మొదట్లో ఉంటాయి. అరచేతి వైపు మణికట్టు మీద రెండు మూడు అడ్డగీతలు కనిపిస్తాయి. వాటిలో అరచేతికి బాగా దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోండి. ఆ గీతకు చిటికెనవేలి వైపు చివర గట్టి గింజలా తగిలేది పిసిఫార్మ్. మణికట్టును కాస్త లోపలికి వంచి చేయి వదులుగా ఉంచితే ఆ గింజ అటూ ఇటూ జరుగుతుంది. చేయి బిగిస్తే జరగదు. మణికట్టును వంచే ఒక టెండన్‌లో అది పొదిగి ఉండటమే కారణం; టెండన్ బిగుసుకోగానే లోపలి గింజా బిగుసుకుంటుంది.

అదే గీత మీద బొటనవేలి వైపు చివరికి రండి. అక్కడ చర్మం కింద ఒక గడ్డ తగులుతుంది, అది స్కాఫాయిడ్ కొస. దాని మీద వేలు అలాగే ఉంచి మణికట్టును బొటనవేలి వైపు వాల్చండి, గడ్డ పైకి పొడుచుకొస్తుంది. చిటికెనవేలి వైపు వాల్చండి, వేలి కింద నుంచి లోపలికి జారుకుంటుంది. ఎముక తన చోటులోనే వాలడం, లేవడం మీ వేలికే తెలుస్తోంది. ఈ కదలికను గుర్తుపెట్టుకోండి, ఎక్స్‌రే దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

పిసిఫార్మ్ నుంచి చూపుడువేలి మెటిక వైపు ఒక ఊహాగీత గీసుకుని, ఒకటి రెండు సెంటీమీటర్లు జరిగి, కండలోకి గట్టిగా నొక్కితే లోతులో మొద్దుగా ఒకటి తగులుతుంది. అది హామేట్ ఎముక కొక్కెం. పక్కనే నరం ఉంటుంది కనుక నొక్కినప్పుడు కాస్త జిల్లుమంటే భయపడనక్కర్లేదు.

ఇక చేతి వెనకవైపు. రేడియస్ చివర, గడియారం ముఖం ఉండే చోటుకు కాస్త ముందు, చిన్న మొటిమలాంటి ఎత్తు ఉంటుంది. దాన్ని లిస్టర్ గడ్డ అంటారు. దానికి సుమారు ఒక సెంటీమీటరు ముందు, వేళ్ళ వైపు, స్కాఫాయిడ్‌కూ లూనేట్‌కూ మధ్య సందు. ఇంకాస్త చిటికెనవేలి వైపు జరిగి మణికట్టును ముందుకు వంచితే పైకి ఉబికేది లూనేట్. మధ్యవేలి అరచేతి ఎముక వెంట వెనక్కి జారుతూ వస్తే వేలు ఒక చిన్న పల్లంలో పడుతుంది. ఆ పల్లం అడుగున ఉన్నది క్యాపిటేట్, ఎనిమిదింటిలోకీ పెద్దది.

ఇప్పుడు పేర్లు. ఇవన్నీ ఆకారాన్ని బట్టి లాటిన్, గ్రీకుల్లో పెట్టినవే. తెలుగులో చెప్పుకుంటే తేలిక. ముంజేతికి ఆనుకున్న వరస, బొటనవేలి వైపు నుంచి: పడవ, నెలవంక, ముక్కోణం, బఠాణీ. అంటే స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫార్మ్. వేళ్ళ వైపు వరస, మళ్ళీ బొటనవేలి నుంచే: బల్ల, పిల్లబల్ల, తల, కొక్కెం. అంటే ట్రెపీజియం, ట్రెపిజాయిడ్, క్యాపిటేట్, హామేట్. అందరూ తడబడేది రెండు బల్లల దగ్గరే. బొటనవేలిని మోసేది పెద్దబల్ల ట్రెపీజియం, చూపుడువేలిని మోసేది పిల్లబల్ల ట్రెపిజాయిడ్ అనుకుంటే చాలు.

పేర్ల కన్నా ముఖ్యమైనది ఈ రెండు వరసల మధ్య తేడా. వేళ్ళ వైపు వరస అరచేతి ఎముకలతో గట్టిగా బిగిసి ఉంటుంది. ముంజేతి వైపు వరసలో పిసిఫార్మ్‌ను వదిలేస్తే మిగతా మూడింటికీ ఏ టెండనూ నేరుగా అతుక్కుని లేదు. అంటే వాటిని లాగి కదిపే కండరమే లేదు. ముందున్న వరస, వెనకున్న రేడియస్ నెట్టినట్టు, తమను కట్టి ఉంచిన లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు బిగించే నారపట్టీలు, సాగనిచ్చినంత మేర కదులుతాయి. లిగమెంటు తెగితే వాటిని చోటులో నిలిపేది ఇంకేదీ లేదు. మణికట్టు గాయాల్లో సగం గొడవ ఇక్కడే పుడుతుంది.

స్కాఫాయిడ్ పేరుకు ముంజేతి వైపు వరసలోదే అయినా, వాలుగా పడుకుని రెండు వరసల మీదా వంతెనలా ఉంటుంది. అరచేయి ఆనించి పడినప్పుడు మణికట్టు పూర్తిగా వెనక్కి వంగుతుంది. ఆ బరువులో రెండు వరసలూ వేరువేరుగా వంగబోతాయి. రెంటినీ పట్టుకుని ఉన్న స్కాఫాయిడ్ నడుము దగ్గర విరుగుతుంది. మణికట్టు ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే, విరిగినవాటిలో ఎక్కువ భాగం నడుము దగ్గరే.

అలాగని అరచేయి ఆనించి పడ్డ ప్రతివాళ్ళకూ స్కాఫాయిడే విరగదు, వయసును బట్టి మారుతుంది. చిన్నపిల్లల్లో రేడియస్ చివర నొక్కుకుపోతుంది, పచ్చికొమ్మ వంగినట్టు. పదిహేను నుంచి ముప్పై దాకా స్కాఫాయిడ్. ఎముక పలచబడ్డ పెద్ద వయసులో మళ్ళీ రేడియస్ చివర. చేతి నుంచి ముంజేతికి దిగే బరువులో సుమారు 80 శాతం రేడియస్ మీదే పడుతుంది. అల్నా మణికట్టు ఎముకలను నేరుగా తాకదు కూడా, మధ్యలో గుజ్జుతో చేసిన ఒక బిళ్ళ ఉంటుంది. చిటికెనవేలి వైపు, తలుపు గుండ్రటి పిడి తిప్పేటప్పుడో కుర్చీ చేతులు ఆనించి లేచేటప్పుడో కలుక్కుమంటే ఆ బిళ్ళను అనుమానించాలి.

స్కాఫాయిడ్‌కు తిరిగి వస్తాను, ప్రశ్న దాని గురించే కాబట్టి. బొటనవేలిని వెనక్కి, పైకి చాచండి. దాని మొదట్లో రెండు టెండన్ల మధ్య గుంట పడుతుంది. పాతకాలంలో ముక్కుపొడి అక్కడ పోసుకుని పీల్చేవారు, అందుకే స్నఫ్‌బాక్స్ అని పేరు. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ ఉంది. మూడు చోట్ల చూసుకోవాలి. ఆ గుంటలో నొక్కడం ఒకటి. అరచేతి వైపు ఇందాక పట్టుకున్న గడ్డ మీద నొక్కడం రెండు. బొటనవేలిని నిలువునా పట్టుకుని మణికట్టు వైపు మెల్లగా అదమడం మూడు. మంచి చేతిలో కూడా అంతే బలంతో నొక్కి పోల్చుకోండి. గుంటలో నరం కొమ్మ ఒకటి వెళుతుంది గనుక గట్టిగా నొక్కితే బాగున్న చేతికీ కాస్త నొప్పి తెలుస్తుంది. మూడు చోట్లా గాయపడ్డ చేతిలోనే నొప్పి ఉంటే అనుమానం బలపడ్డట్టు. వాపు లేకపోవడం, వేళ్ళు బాగా కదలడం, పట్టు కొంత ఉండటం విరగలేదనడానికి గుర్తులు కావు. స్కాఫాయిడ్ విరిగి కూడా ఆటలు ఆడేవాళ్ళుంటారు.

మొదటిరోజు ఎక్స్‌రేలో ఎందుకు దొరకదంటే, ముక్కలు జరగకుండా సన్నగా చిట్లితే ఆ గీత పక్క ఎముకల నీడలో కలిసిపోతుంది. 10 నుంచి 14 రోజులకు విరిగిన అంచులు కొంత కరిగి గీత వెడల్పవుతుంది, అప్పుడు కంటికి ఆనుతుంది. అందుకే రెండో ఎక్స్‌రేకు ఆ గడువు పెడతారు. మీకు సరిగ్గా ఆ సమయమే వచ్చింది. వెళ్ళినప్పుడు మామూలు రెండు కోణాలు తీసి పంపితే చాలదు, స్కాఫాయిడ్ వ్యూ అని ప్రత్యేకంగా అడగండి. మణికట్టును చిటికెనవేలి వైపు వాల్చి తీస్తారు. ఇందాక వేలి కింద నుంచి గడ్డ లోపలికి జారింది చూశారు కదా, ఆ స్థితిలో ఎముక నిలువుగా సాగి పూర్తి పొడవు కనిపిస్తుంది. వాల్చకుండా తీస్తే ముందుకు వాలి పొట్టిగా, ముడుచుకున్నట్టు పడుతుంది, నడుము దగ్గరి గీత దాక్కుంటుంది. వీలున్నచోట ఎమ్మారై మేలు, అది మొదటి రోజుల్లోనే తేల్చేస్తుంది, ఊరికే రెండు వారాలు కట్టుతో గడపనక్కర్లేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం రక్తం. స్కాఫాయిడ్ ఒళ్ళంతా గుజ్జు పరుచుకుని ఉంటుంది, రక్తనాళాలు దూరడానికి చోటు తక్కువ. ఎక్కువ భాగం రక్తం వేళ్ళ వైపు కొస దగ్గర, వెనకవైపున్న గట్టు గుండా లోపలికి వెళ్ళి, అక్కడి నుంచి ముంజేతి వైపుకు వెనక్కి పారుతుంది. నడుము దగ్గర విరిగితే ఆ కాలవకు గండి పడ్డట్టే. ముంజేతి వైపు ముక్కకు నీరందదు. వేళ్ళ వైపు కొస విరిగితే 6 నుంచి 8 వారాల్లో అతుక్కుంటుంది, నడుముకు 8 నుంచి 12 పడుతుంది, ముంజేతి వైపు కొసకు 12 నుంచి 24 వారాలు పట్టినా కొన్నిసార్లు అతకదు, ఆ ముక్క చచ్చుబడుతుంది. ముక్కలు ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరిగినా, ముంజేతి వైపు కొస విరిగినా స్క్రూ వేయడం గురించి చేతి సర్జన్‌తో మాట్లాడాల్సిందే. పిండికట్టులో బొటనవేలిని కలపాలా వద్దా అన్నదానిలో వైద్యుల మధ్య రెండు అభిప్రాయాలున్నాయి, అందులో మరీ పట్టింపు అక్కర్లేదు. పొగ మానడం మాత్రం పట్టింపుగా చేయాలి, అది అతుకుకు పెద్ద అడ్డం. వదిలేసిన స్కాఫాయిడ్ నొప్పి కొన్ని నెలలకు తగ్గుతుంది, అదే మోసం. అతకని ముక్కలు ఏళ్ళ తరబడి ఒరుసుకుని మణికట్టు కీళ్ళు వరసగా అరిగిపోతాయి.

ఎక్స్‌రేలో స్కాఫాయిడ్ బాగుంటే పని అయిపోయిందనుకోకుండా రెండు కొలతలు చూడమనండి. స్కాఫాయిడ్, లూనేట్‌ల మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటితే వాటిని కట్టి ఉంచిన లిగమెంటు తెగినట్టు అనుమానించాలి. పిడికిలి బిగించి తీస్తే ఆ సందు ఇంకా బయటపడుతుంది. రెండోది, వరసల అంచుల వెంట మూడు నున్నటి విల్లులు గీసినట్టు కనిపించాలి. ఎక్కడైనా విల్లు మెట్టులా విరిగితే అక్కడ ఎముక చోటు తప్పింది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో నాలుగు పలకలుగా ఉండాల్సిన లూనేట్ మూడు పలకలుగా కనపడితే ప్రమాదం. పక్క నుంచి తీసినదాన్లో అది ఒరిగిన కప్పులా ఉంటుంది. వేళ్ళ తిమ్మిరితో కలిసి ఇది కనపడితే అప్పటికప్పుడు సరిచేయాల్సిన స్థితి, మర్నాటికి వాయిదా వేసేది కాదు.

లూనేట్‌కే దెబ్బ ఏదీ గుర్తులేకుండా నెమ్మదిగా వచ్చే ఇంకో జబ్బుంది. రక్తం అందక అది నలిగి కుంగిపోతుంది. 1910లో ఆస్ట్రియా రేడియాలజిస్టు కీన్‌బాక్ వర్ణించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. 20, 40 ఏళ్ళ మధ్య, ఎక్కువ వాడే చేతికి, మణికట్టు వెనక నడిమధ్యలో నొప్పి, పట్టు తగ్గడం ఉంటే దీన్ని మరిచిపోకూడదు.

ట్రైక్వెట్రమ్ విరిగితే వెనక అంచు పెచ్చులా లేస్తుంది, పక్క ఎక్స్‌రేలో తప్ప కనపడదు, నాలుగు నుంచి ఆరు వారాల కట్టుతో మానుతుంది. హామేట్ కొక్కెం సంగతి వేరు. బ్యాటు, రాకెట్ పిడి మొదలు తగిలే చోట అదే ఉంటుంది. విరిగితే పట్టు బిగించినప్పుడల్లా అరచేతి చిటికెనవేలి వైపు పోటు వస్తుంది. మామూలు ఎక్స్‌రేలో దొరకదు, సీటీ కావాలి. పట్టించుకోకపోతే చిటికెనవేలిని వంచే టెండన్ ఆ గరుకు అంచు మీద రాసుకుని రాసుకుని ఒకరోజు తెగిపోతుంది.

ఈ ఎనిమిది ఎముకలూ బల్లపరుపుగా ఉండవు, దోనెలా వంగి ఉంటాయి. ఒక గట్టున స్కాఫాయిడ్ గడ్డ, ట్రెపీజియం. ఎదురు గట్టున పిసిఫార్మ్, హామేట్ కొక్కెం. ఇందాక మీరు వేలితో పట్టుకున్నవి ఈ గట్లే. రెండు గట్ల మీదా మందపాటి పట్టీ ఒకటి బిగించి ఉంటుంది, దాని కిందే కార్పల్ టన్నెల్. తొమ్మిది టెండన్లు, ఒక నరం దానిలోంచి వెళతాయి. గోడలు ఎముక, కప్పు పట్టీ, ఎటూ సాగవు. లోపల కాస్త వాచినా నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. అరచేతి మొదట్లో చర్మానికి మాత్రం స్పర్శ బాగానే ఉంటుంది, ఎందుకంటే దానికి వెళ్ళే కొమ్మ పట్టీ పైనుంచి పోతుంది. చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే ఇది కాదు. చిటికెనవేలికి వెళ్ళే నరం వేరు, అది పిసిఫార్మ్‌కూ హామేట్ కొక్కేనికీ మధ్య నుంచి వెళుతుంది, గంటల తరబడి సైకిల్ హ్యాండిల్ మీద ఆనుకునేవాళ్ళకు అక్కడ నొక్కుకుంటుంది.

రేడియస్ చివర విరగడాన్ని ఐర్లండ్ సర్జన్ ఏబ్రహాం కాలిస్ 1814లో వర్ణించాడు. ఎక్స్‌రే వచ్చింది 1895లో. అంటే 81 ఏళ్ళ ముందు, చేతిని చూసి, తడిమి కనిపెట్టిన సంగతి అది. పక్క నుంచి చూస్తే చేయి ముళ్ళ చెంచాలా వంపు తిరిగి ఉంటుంది. రేడియస్ కీలు ముఖం మామూలుగా అరచేతి వైపు సుమారు 11 డిగ్రీలు, అల్నా వైపు సుమారు 22 డిగ్రీలు వాలి ఉంటుంది. సరిచేశాక ఈ వాలులు ఎంతవరకు తిరిగి వచ్చాయో చూసే ఆపరేషన్ కావాలో వద్దో తేలుస్తారు.

పిండికట్టు వేయించుకునేటప్పుడు ఒకటి గమనించండి. అరచేతిలో వేళ్ళకు దగ్గరగా ఉన్న అడ్డగీత దాటి కట్టు రాకూడదు. వస్తే మెటికలు వంగవు, ఆరు వారాలకు ఎముక అతికినా వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. మొదటిరోజు నుంచే వేళ్ళు పూర్తిగా ముడుస్తూ చాపుతూ ఉండాలి. నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వేళ్ళను ఎవరైనా చాపితే ప్రాణం పోతున్నట్టున్నా, తిమ్మిరి ముదురుతున్నా కట్టు బిగిసిందని అర్థం, రాత్రయినా సరే వెళ్ళి కోయించుకోవాలి. ఇంకో చిక్కు కొన్ని వారాల తర్వాత వస్తుంది. అరచేయి బల్ల మీద ఆనించి బొటనవేలిని పైకి లేపబోతే లేవదు. లిస్టర్ గడ్డను చుట్టి తిరిగే టెండన్ అరిగి తెగింది. ముక్కలు జరగకుండా విరిగిన చేతుల్లో కూడా ఇలా అవుతుంది, అది కట్టు వేసినవాళ్ళ తప్పు కాదు.

అరచేతి ఎముకలు ఐదింటికీ ఒక పరీక్ష చేసి చూడండి. ఒక్కొక్క మెటికనూ రెండో చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. చూపుడువేలిదీ మధ్యవేలిదీ రాయిలా కదలవు. ఉంగరపువేలిది కొంచెం, చిటికెనవేలిది బాగా కదులుతుంది. మధ్యలో రెండూ స్తంభంలా నిలబడి ఉంటే, చిటికెనవేలి వైపు అరచేయి వాటి చుట్టూ ముడుచుకుంటుంది. సుత్తి పిడి బిగించి పట్టుకోగలుగుతున్నది అందువల్లే. విరిగినప్పుడు ఎంత వంకర ఒప్పుకోవచ్చో కూడా దీన్నిబట్టే. చిటికెనవేలి ఎముక మెడ దగ్గర, గోడను గుద్దినప్పుడు విరిగే చోట, 40 డిగ్రీలు వంగి అతికినా పని నడుస్తుంది. చూపుడువేలికి 15 దాటితే నడవదు, సర్దుకోవడానికి దానికి కీలు కదలిక లేదు.

మెలిక మాత్రం ఏ వేలికీ ఒప్పుకోకూడదు. ఎముక తన ఇరుసు మీద 5 డిగ్రీలు తిరిగినా, వేళ్ళు ముడిచినప్పుడు కొస దగ్గర ఒకటిన్నర సెంటీమీటరు దాకా పక్కవేలి మీదికి ఎక్కుతుంది. చాపిన వేళ్ళలో ఇది కనపడదు. వేళ్ళను మెల్లగా అరచేతిలోకి ముడవండి, కొసలన్నీ స్కాఫాయిడ్ గడ్డ వైపు చూడాలి, గోళ్ళు ఒకే తలంలో ఉండాలి. ఒక వేలు పక్కదారి పట్టిందంటే ఎక్స్‌రే ఎంత అందంగా ఉన్నా సరిచేయించుకోవాలి. ఇంకొకటి, ఎదుటివాళ్ళ పంటికి తగిలి మెటిక మీద చిన్న గాటు పడితే దాన్ని గాటుగా చూడకండి. పిడికిలిలో ఉండగా పన్ను కీలులోకి దిగుతుంది. వేళ్ళు చాపగానే చర్మం, టెండన్ జరిగి రంధ్రం మూసుకుపోతుంది, నోటి క్రిములు లోపల ఉండిపోతాయి. అదేరోజు శుభ్రం చేయించకపోతే కీలు కుళ్ళుతుంది.

వేళ్ళ విషయంలో చాలామంది పొరబడేది ఎక్కడ మొదలవుతాయన్నది. అరచేతి వైపు చూస్తే వేలు చీలిన చోట మొదలైనట్టుంటుంది. వెనకవైపు మెటిక నుంచి కొలవండి, రెండు సెంటీమీటర్లకు పైగానే తేడా వస్తుంది. మొదటి కణుపు ఎముకలో మంచి భాగం అరచేతి చర్మం లోపలే ఉంది. బొటనవేలికి రెండు ఎముకలు, మిగతావాటికి మూడేసి. వాటిని వంచి చాపే కండరాలు అరచేతిలో, ముంజేతిలో ఉంటాయి, వేలి దాకా వచ్చేది టెండనే. మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దం ఎముకది కాదు, కీలు ద్రవంలో పుట్టే వాయు బుడగది. దానివల్ల కీళ్ళు అరుగుతాయన్నదానికి ఆధారం లేదు.

బంతి కొసకు తగిలి వేలి చివరి కణుపు వాలిపోయి, తనంతట తాను లేవకపోతే చాపే టెండన్ ఊడింది. చివరి కీలును నిటారుగా 6 నుంచి 8 వారాలు పట్టీలో ఉంచాలి, రాత్రీ పగలూ. కడుక్కునేటప్పుడు కూడా వేలిని బల్లకు ఆనించే పట్టీ మార్చాలి. ఒక్కసారి వాలినా లెక్క మళ్ళీ మొదటి నుంచి. మధ్య కీలు వెనక నొప్పి ఉంటే ఇంకా జాగ్రత్త, అక్కడి టెండన్ తెగినా మొదటి వారం వేలు చాపగలరు, రెండు మూడు వారాలకు వంకర తేలుతుంది. దీనికి మధ్య కీలు ఒక్కటే నిటారుగా కట్టి చివరి కీలు వంచుతూ ఉండాలి. ఎవరి చొక్కానో లాగుతుండగా ఉంగరపువేలి కొస వంగడం మానేస్తే వంచే టెండన్ ఊడినట్టు. అది పట్టీతో నయమయ్యేది కాదు, వారం పది రోజుల లోపు కుట్టించాలి, ఆలస్యమైతే టెండన్ అరచేతిలోకి ముడుచుకుపోతుంది.

చేయి ఏది విరిగినా ఉంగరాలు వెంటనే తీసేయండి, వాచాక రావు. చేతిని ఎక్కువకాలం కట్టి ఉంచాల్సి వస్తే మణికట్టు 20, 30 డిగ్రీలు వెనక్కి, మెటికలు 70 నుంచి 90 డిగ్రీలు ముందుకు వంచి, వేలి కీళ్ళు నిటారుగా పెడతారు. మెటిక పక్కల ఉండే లిగమెంట్లు వేళ్ళు చాపినప్పుడు వదులవుతాయి, ముడిచినప్పుడు బిగుస్తాయి. వదులుగా ఉండగా వారాల తరబడి కడితే అవి ఆ పొట్టి కొలతకే కుదించుకుపోయి తర్వాత ముడవనివ్వవు. అరచేతిలో గుడ్డ ఉండ పెట్టి వేళ్ళన్నీ సగం ముడిచి చుట్టేసే కట్టు చేతికి మేలు చేయదు.

పిల్లల చేయి అయితే పైన చెప్పిన ఎక్స్‌రే గుర్తులు చాలావరకు వర్తించవు. పుట్టినప్పుడు మణికట్టులో అంతా గుజ్జే, ఎక్స్‌రేలో ఖాళీగా కనిపిస్తుంది. మొదటి కొన్ని నెలల్లో క్యాపిటేట్, ఆ వెనకే హామేట్ గట్టిపడతాయి. రెండు మూడేళ్ళకు ట్రైక్వెట్రమ్, నాలుగేళ్ళ ప్రాంతంలో లూనేట్, ఆరేళ్ళ లోపు స్కాఫాయిడ్, రెండు బల్లలు. ఆడపిల్లల్లో కొంచెం ముందే. ఎడమచేతి ఎక్స్‌రే చూసి ఎముకల వయసు కట్టేది ఈ క్రమాన్ని బట్టే. వేలి ఎముకల మొదట్లో కనిపించే నల్లటి అడ్డగీత విరిగిన గీత కాదు, ఎదిగే పొర. అరచేతి ఎముకల్లో ఆ పొర నాలుగింటికి మెటిక వైపు ఉంటే బొటనవేలిదానికి మాత్రం మణికట్టు వైపు ఉంటుంది. పదేళ్ళ లోపు స్కాఫాయిడ్ విరగడం అరుదు. పిసిఫార్మ్ అన్నిటికన్నా ఆఖరున, ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వస్తుంది. ఏడేళ్ళ పిల్లల ఎక్స్‌రేలో ఏడు ఎముకలే లెక్కకు వస్తే సరిగ్గానే ఉన్నట్టు.